కమిలిన చెయ్యి

“ఇవి వేళ్ళ గుర్తులు కాకపోతే ఇంకేమిటో నువ్వే చెప్పు లింగా,” అంటూ ప్రమోదిని తల్లి తెల్లచీర చెంగును మోచేతి పైదాకా ఎత్తి పట్టింది.

అరుగు మీద కూర్చున్న రాధామణి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. కూతురు వదల్లేదు. ముసలావిడ ముంజేతి మీద వరసగా నాలుగు మచ్చలున్నాయి. వాటికి ఎదురుగా, లోపలివైపు బొటనవేలంత మచ్చ ఇంకొకటి. అన్నీ నేరేడుపండు రంగులో కమిలి ఉన్నాయి. అంచులు అప్పుడప్పుడే పచ్చబడుతున్నాయి.

లింగరాజ్ అక్క ముఖం చూడలేదు, తల్లి చెయ్యీ చూడలేదు. తడిగోనె కప్పిన తమలపాకుల గంపలను చూస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళొచ్చినా అక్కా అన్నా కలిసి వస్తే అతను పదేళ్ళవాడైపోతాడు.

తలుపు వెనక నిరుపమ ఇదంతా వింటోంది. ఈ ఇంటి చిన్నకోడలు. అత్తను కొడుతుందని ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంటున్న కోడలు.

పక్కింటి పిన్ని చంచలా మావుసి చెరువుగట్టున ఆ చేతిని ఫోనులో ఫొటో తీసింది. జాలితోనే తీశానని ఇప్పటికీ ఒట్టేసి చెబుతోంది. ఆ జాలి సాయంత్రానికల్లా కటక్ చేరింది. కోర్టు గుమాస్తాగా పనిచేసే పెద్దకొడుకు గదాధర్ ఆ ఫొటో చూసి రెండ్రోజులు నిద్రపోలేదట. ఇవాళ పొద్దున కారు వేసుకుని, దారిలో పిపిలిలో చెల్లెల్ని ఎక్కించుకుని, తల్లిని తీసుకుపోవడానికి వచ్చాడు. రాధామణి రేకుపెట్టె అప్పుడే కారు డిక్కీలోకి ఎక్కేసింది. ముసలావిడ మాత్రం అరుగు స్తంభం పట్టుకుని కదలనంటోంది.

తమ్ముడి పెళ్ళాంతో నోరు విప్పి మాట్లాడకూడదు కాబట్టి గదాధర్ ఆమెను అనదలుచుకున్నవన్నీ గడపను అన్నాడు. కన్నతల్లి మీద చెయ్యెత్తిన ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనని గడపకి చెప్పాడు. పెళ్ళై ఆరేళ్ళయినా కడుపు పండని కోపం ముసలిదాని మీద చూపిస్తే ఊరుకునేది లేదన్నాడు. పోలీసు కాగితం ఎలా రాయాలో తనకి ఒకళ్ళు నేర్పక్కర్లేదని కూడా అన్నాడు. గడప అన్నీ ఓపిగ్గా వింది.

రాధామణి ఒక్క నిజం చెబితే ఇదంతా అక్కడితో తెగిపోయేది. ఆవిడ చెప్పినవన్నీ అబద్ధాలు. మంగళవారం తలుపు తగిలిందంది. బుధవారం మంచంకోడు తగిలిందంది. ఇవాళ పొద్దున దూడ కుమ్మిందంది. దూడను అమ్మేసి మూడు నెలలైంది. దెబ్బలు తిన్న ముసలాళ్ళే ఇలా కప్పిపుచ్చుతారని ఎవరికి తెలియదు. ఆవిడ దాచిన కొద్దీ ఉచ్చు కోడలి మెడకే బిగిసింది.

లింగరాజ్ మంచినీళ్ళ వంకతో లోపలికి వచ్చాడు. చెంబు తియ్యలేదు. గొంతు తగ్గించి, “నాకొక్కడికి చెప్పు. కోపంలో ఎప్పుడైనా, ఒక్కసారైనా...” అన్నాడు.

నిరుపమ అతని ముఖంలోకి చూసింది. అరుగు మీద అందరూ కలిసి అన్నవాటికంటే ఈ సగం మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఆరేళ్ళుగా తను ఆ ముసలావిడకి తల దువ్వింది, కాళ్ళకి నూనె రాసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది. అదంతా ఈ మనిషి కళ్ళ ముందే జరిగింది.

“అడగనే అడిగారు కదా. ఇంక మీ ఒక్కరికి చెప్పేదేం లేదు. అందరికీ చెబుతాను,” అంది.

కొంగు గడ్డం దాకా లాక్కుని ఆమె అరుగు మీదికి వచ్చింది. గదాధర్ మర్యాద ప్రకారం వీధివైపు తిరిగిపోయాడు. నిరుపమ ఆడపడుచు ముందుకెళ్ళి నిలబడింది.

“అపా, అవి నా వేళ్ళే,” అంది.

చంచలా మావుసి నోట్లో తాంబూలం నమలడం ఆపేసింది. లింగరాజ్ స్తంభాన్ని ఆనుకున్నాడు. రాధామణి మాత్రం తల అడ్డంగా ఊపుతూ, చెప్పొద్దు చెప్పొద్దన్నట్టు కోడలివైపు చూసింది.

నిరుపమ చెప్పేసింది. సోమవారం పొద్దున చెరువు మెట్ల మీద అత్తగారి మోకాలు మడత పడింది. పడబోతుంటే తను చెయ్యి దొరకబుచ్చుకుని ఆపింది. ఆపకపోతే ఆవిడ తల రాతి అంచుకి తగిలేది. సాయంత్రానికి చెయ్యి ఇలా తేలింది. ఆ మాట బయటికి చెప్పొద్దని అత్తగారే బతిమాలింది, ఎందుకో మాత్రం చెప్పలేదు.

“పట్టుకుంటే ఇలా కములుతుందా?” అంది ప్రమోదిని. “ఎవరికి చెబుతున్నావు బోహూ ఈ కథ?”

“నేనూ అదే అడుగుతున్నాను. పట్టుకుంటే కములుతుందా? మీ చెయ్యి ఇటివ్వండి.”

ఇస్తుందో లేదో చూడకుండానే ఆడపడుచు ముంజేతిని పట్టేసింది. పొద్దున్నుంచి రాత్రి దాకా తమలపాకు తీగలు కట్టీ, రెల్లు దబ్బలు బిగించీ రాటుదేలిన చెయ్యి అది. పదిసార్లు ఊపిరి పీల్చేంతసేపు బిగించి ఉంచింది. ప్రమోదిని ముఖం ఎర్రబడింది. నొప్పెడుతోంది వదలమంది. నిరుపమ పది పూర్తయ్యాకే వదిలింది.

“మా అత్తను దీంట్లో సగం బలంతో పట్టుకున్నాను. సాయంత్రం దాకా ఉండండి. మీ చెయ్యి కూడా ఇలాగే నల్లబడితే తప్పు నా చేతిదే, నా పెట్టె నేనే సర్దుకుని పుట్టింటికి పోతాను, ఎవరూ తరమక్కర్లేదు. నల్లబడకపోతే ఈవిడ ఒంటికేమైందో అందరం కలిసి వెతకాలి.”

రేపు కోర్టులో పనుందనీ, ఈ కుస్తీపట్లు చూడ్డానికి తనకి తీరిక లేదనీ గదాధర్ వీధికి చెప్పాడు. నిరుపమ వీధికే జవాబు చెప్పింది. మంగళవారం తనే అత్తగారిని బ్లాకు ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం ఇప్పించిందని, కాగితాలు ఇవాళ మధ్యాహ్నం ఇస్తారని చెప్పింది. తర్వాత రాధామణి మోచేతి మడత తిప్పి చూపించింది. అక్కడ అరచేయంత నల్లమచ్చ ఉంది.

“ఇది కూడా ఫొటో తియ్యి మావుసి. ఇక్కడ సూది గుచ్చింది నర్సమ్మ. కేసు పెడితే ఆవిడ మీద కూడా పెట్టమను.”

చంచలా మావుసి ఫోను కొంగులో దాచుకుంది. లింగరాజ్ ఆస్పత్రికని బైకు తీశాడు.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా ఎవరి మూల వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నిరుపమ చేతి కూడు తినకూడదని ప్రమోదిని తనే పొయ్యి రాజేసి, పచ్చిమామిడి వేసి పప్పు వండి అన్నకి పెట్టింది. నీళ్ళు కూడా ముట్టనన్న గదాధర్ రెండోసారి పప్పు వేయించుకున్నాడు. జ్యేష్ఠమాసపు ఎండ వాకిట్లో నిప్పులు చెరుగుతోంది.

రాధామణి ఎవరినీ పిలవకుండా పెరట్లో ఉన్న తన పొయ్యి దగ్గరికి వెళ్ళింది. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ వంట ఆవిడదే. రోజుకి ఒకపూట, ఒక మట్టికుండ. ఆ పొయ్యి మీద ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదు, ఆ కుండ మూత ఇంకొకళ్ళు తియ్యకూడదు. ఆవిడ తిన్నాక కుండ కడిగి బోర్లిస్తుంది. లోపల ఏం ఉడికిందో కొడుకులకి తెలియదు, కూతురికి తెలియదు, పక్కనే మసిలే కోడలికీ తెలియదు. వాళ్ళలో విధవరాలి కుండ గురించి అడగడం తప్పు. అడగకపోవడమే గౌరవం అనుకుంటారు.

నిరుపమ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. అత్తగారు ఒక్కో అడుగూ గోడ పట్టుకుని వేస్తోంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. పుల్ల విరవడానికి కూర్చుని, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి లేచింది.

ఆస్పత్రిలో జరిగింది నిరుపమకి మళ్ళీ గుర్తొచ్చింది. చిన్నవయసు డాక్టరమ్మ, కానీ తొందరపడే మనిషి కాదు. గుండెకి గానీ నొప్పులకి గానీ మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగింది. నాటువైద్యుడి పొడులేమైనా మింగుతున్నారా అంది. పుట్టింటివాళ్ళలో దెబ్బ తగిలితే నెత్తురు ఆగని వాళ్ళున్నారా అంది. వయసు మళ్ళాక తోలు పలచబడి కొంచెం కమలడం మామూలే, కానీ ఇది కొంచెం కాదంది. చిగుళ్ళు ఎత్తి చూసింది. వంకాయరంగులో ఉబ్బి, వేలు తగిలితే నెత్తురు చిమ్మాయి. పిక్కల మీద రోమాలు ముడుచుకుపోయి, ఒక్కో రోమం మొదట్లో ఎర్రటి చుక్క ఉండటం చూసింది. ఆఖరున, ఏం తింటారమ్మా అని అడిగింది.

“అందరూ తినేదే,” అంది రాధామణి.

డాక్టరమ్మ నిరుపమవైపు చూసింది. నిరుపమ అవునని తలూపింది. తెలియకుండానే ఊపింది. ఆ తల ఊపినందుకు ఇప్పుడు ఆమెకి తన మీదే కోపంగా ఉంది.

నాలుగు దాటాక లింగరాజ్ వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. కాగితాలు అన్నకివ్వకుండా, అక్కకివ్వకుండా పెళ్ళాం చేతికిచ్చాడు. పొద్దుటి మాటకి అది క్షమాపణ అనుకున్నాడేమో. నిరుపమ కాగితాలు తీసుకుంది, క్షమాపణ తీసుకోలేదు.

“డాక్టరమ్మ ఏమంది, అందరికీ వినబడేలా చెప్పండి,” అంది.

లింగరాజ్ చెప్పాడు. నెత్తురులో లోపం లేదట. గడ్డకట్టించే కణాలు సరిపడా ఉన్నాయి, గడ్డ కట్టే వేళా సరిగ్గానే ఉంది, కాలేయం బాగుంది. మరి లోపమెక్కడంటే, నెత్తురు పారే సన్నటి గొట్టాల గోడలు పెళుసైపోయాయట. పులుపు, పండు, ఆకుకూర ఏదీ నెలల తరబడి నోట్లోకి వెళ్ళని మనిషికే ఇలా అవుతుందట. పూర్వం ఏడాదిపాటు ఓడల మీద తిరిగేవాళ్ళకి వచ్చేదట.

ప్రమోదిని నవ్వింది. “మా అమ్మ ఓడెప్పుడెక్కిందట? పెరట్లో నిమ్మచెట్టు విరగకాసింది, మామిడిపళ్ళు పశువులు కూడా వద్దంటున్నాయి. పెట్టేవాళ్ళు పెట్టకపోతే తప్ప ఈ రోగమెందుకొస్తుంది?”

అంటే కొట్టడం పోయి ఇప్పుడు మాడ్చడం వచ్చిందన్నమాట. నిరుపమ ఆ మాట పట్టించుకోకుండా ఆడపడుచు చెయ్యి చూపించమంది. ప్రమోదిని చెయ్యి మధ్యాహ్నం నుంచీ కొంగు చాటునే ఉంది. చాటుగా ఆమె మూడుసార్లు చూసుకున్న సంగతి నిరుపమ గమనిస్తూనే ఉంది. ఇక తప్పక తీసింది. ముంజెయ్యి గోధుమరంగులో నున్నగా ఉంది. గాజుల ఒత్తిడి తప్ప ఇంకే గుర్తూ లేదు.

గదాధర్ కూడా ఆ చెయ్యి చూశాడు. చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

లింగరాజ్ జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. నారింజరంగు బిళ్ళలు, చప్పరించాలట. పట్టుమని రెండు వారాలు వేసుకుంటే మచ్చలు పోతాయట, నాలుగు రోజుల్లోనే కాళ్ళనొప్పి తగ్గుతుందట. వేసుకోకపోతే ఈసారి నెత్తురు మోకాలి కీలులోకి దిగుతుందట. తల మీద చిన్న దెబ్బ తగిలినా ప్రాణానికే ముప్పట. ఒక బిళ్ళ తల్లి నోట్లో పెట్టాడు.

రాధామణి బిళ్ళను నాలుక మీదికి తీసుకుంది. మరుక్షణమే అరుగు కిందికి ఉమ్మేసింది.

“పుల్లగా ఉంది,” అంది.

“పుల్లగా ఉంటే ఏమైంది బొవు? మందే కదా,” అన్నాడు లింగరాజ్.

రాధామణి నోరు పుక్కిలించడానికి చెంబుకోసం చూసింది. కోడలి కళ్ళు తన మీదే ఉండటం చూసి తల దించేసుకుంది.

నిరుపమకి అప్పుడు తట్టింది. ఆ ముఖంలో చేదు మందు మింగిన చిరాకు లేదు. ముట్టకూడనిది ముట్టిన భయం ఉంది. ఆమె పెరట్లోకి నడిచింది. విధవరాలు ఇవాళ ఇంకా తినక పొయ్యి మీదే చల్లారుతున్న కుండను రెండు చేతులా ఎత్తుకొచ్చి, అరుగు మధ్య పెట్టి, మూత తీసింది.

చంచలా మావుసి అమ్మమ్మమ్మ అంటూ రెండడుగులు వెనక్కి వేసింది.

కుండలో పచ్చిబియ్యపు అన్నం మెత్తగా చితికి ఉంది. అందులో ఉడికి ఉడికి రంగుపోయిన అరటికాయ ముక్కలు, పైన నెయ్యి చుక్క. పప్పు లేదు, ఆకు లేదు, పచ్చిమిరపకాయ కూడా లేదు.

రాధామణికి పొద్దున్నుంచి కూతురు చెయ్యి లాగినా, కొడుకు పెట్టె సర్దినా లేవని గొంతు ఇప్పుడు లేచింది. “నా కుండ ముట్టుకున్నావా?”

“ముట్టుకున్నాను. జగన్నాథుడి ముందు ఏమేం వదిలేశారు బొవు?”

ఆ ప్రశ్నకి గదాధర్ గిరుక్కున ఇటు తిరిగాడు, మర్యాద సంగతి మరిచిపోయి.

పూరీ వెళ్ళినప్పుడు ఒక పండు స్వామికి వదిలెయ్యడం అక్కడ అందరూ చేసేదే. వదిలిన పండు మళ్ళీ జన్మలో ముట్టరు. తెలివైనవాళ్ళు ఇష్టంలేనిదే వదులుతారు. గదాధర్ రేగుపండు వదిలాడు, అతనికి దాని వాసనే పడదు. ప్రమోదిని సీతాఫలం వదిలి, గింజలు తీసే బాధ తప్పిందని సంతోషించింది. స్వామికీ వీళ్ళ తెలివి తెలుసు, ఏమీ అనడు. రాధామణికి ఆ తెలివి లేదు. ఆవిడ ఒకసారి కాదు, కష్టమొచ్చినప్పుడల్లా పూరీ వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా తనకి ప్రాణమైనదాన్నే వదిలింది.

“చెప్పకూడదు. చెబితే ఫలం పోతుంది,” అంది.

“పోయింది. అంతా పోయింది. కుండ తెరిచేశాను కదా. ఇంకేం దాస్తారు, చెప్పండి.”

ముసలావిడ కొడుకుల్ని, కూతుర్ని, కుండని మార్చి మార్చి చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. పట్టుబడ్డ మనిషి మొండితనమే ఉంది.

“గదాకి కోర్టు ఉద్యోగం రావాలని మామిడిపండు ఇచ్చాను,” అంది. “వచ్చిందా లేదా? ప్రమా, నీ రెండో కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే జామ, బొప్పాయి రెండూ ఇచ్చాను. లింగ తోటకి తెగులు పట్టిన ఏడాది ఆకుకూరలన్నీ ఇచ్చాను. నేనిచ్చానని మీరెవరైనా పాడైపోయారా? నా నోరు నా ఇష్టం.”

గదాధర్ పోయిన వేసవిలో తల్లికని బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చాడు. ఆవిడ ముట్టలేదని, చిన్నకోడలే ఏదో నూరిపోసి ఉంటుందని కటక్ వెళ్ళేదాకా భార్యతో సణుగుతూనే ఉన్నాడు. ప్రమోదిని తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

“మరి పులుపు?” అంది నిరుపమ. “నిమ్మ, ఉసిరి, చింతపండు. అవెప్పుడు ఇచ్చారు?”

“పోయిన కార్తీకంలో.”

“ఎవరి కోసం?”

రాధామణి పెదవులు బిగించుకుంది. చంచలా మావుసి మాత్రం ఊరుకోలేక గదా, ప్రమ, లింగ అని వేళ్ళు ముడిచి, నాలుగో వేలు గాల్లో ఉంచి నిరుపమ పొట్టవైపు చూసింది. అందరి చూపులూ అక్కడికే వచ్చాయి.

నిరుపమకి ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. ఆరేళ్ళుగా ఎవరు పడితే వాళ్ళు ఆ పొట్టను చూస్తూనే ఉన్నారు. పేరంటాల్లో చూశారు, సంతలో చూశారు. చూడనిది ఈ ముసలావిడ ఒక్కతే. ఒక్కరోజూ బిడ్డ మాట ఎత్తలేదు, ఒక్క వెక్కిరింత లేదు. ఆ మౌనం నీడలో నిరుపమ తల దాచుకుంది. ఇప్పుడు చూస్తే ఆ మౌనం కింద రోజూ ఈ కుండ ఉడుకుతోంది. తను కనని బిడ్డ కోసం ఆవిడ తన నెత్తురుగొట్టాలను పెళుసు చేసుకుంటోంది.

“నేనడిగానా?” అంది. “బిడ్డ కావాలని మీతో ఏడ్చానా? మిమ్మల్ని చంపుకుని బిడ్డను కంటే, వాడి ముఖం నేనెలా చూడను?”

“చావడం లేదు నేను.”

“చస్తారని డాక్టరమ్మే రాసిచ్చింది. చదవనా?”

గదాధర్ గొంతు సవరించుకుని తల్లితో మెత్తగా మాట్లాడాడు. పూరీ గుడిలో తెలిసిన పూజారి పండా ఒకడున్నాడని, ప్రాయశ్చిత్తం చేయించి మొక్కు మార్పిస్తాడని, నిమ్మకాయకి బదులు ఇంకేదైనా ఇవ్వచ్చని చెప్పాడు. రాధామణి పెద్దకొడుకును ఎగాదిగా చూసింది.

“వాయిదాలూ మార్పిళ్ళూ నీ కోర్టులో నడుస్తాయి గదా. ఇచ్చింది ఇచ్చిందే. నిమ్మకాయను నలిపి బిళ్ళ చేసినంత మాత్రాన నిమ్మకాయ కాకుండా పోతుందా? నేను ముట్టను.”

నిరుపమ కుండ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎవరికీ ఏమీ అర్థం కాకముందే, ఎర్రగాజుల చెయ్యి కుండలో పెట్టి ముద్ద చేసి నోట్లో వేసుకుంది.

ప్రమోదిని ఏడుపు ఆగిపోయింది. ఐదోతనం ఉన్న ఆడది విధవరాలి కుండలో కూడు తినడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు, విననూ లేదు. చంచలా మావుసి ఫొటో తియ్యడం కూడా మరిచిపోయింది.

“అది విధవ కుండ, బోహూ,” అంది రాధామణి. “నా కొడుకు బతికున్నాడు.”

“తెలుసు. అన్నం చప్పగా ఉంది. ఇవాళ్టి నుంచి నేనూ ఇదే తింటాను. పండు తినను, పులుపు తినను, ఆకు ముట్టను. మీ చెయ్యి ఇలా అవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది, నాకెన్నాళ్ళు పడుతుందో చూద్దాం. మీరు నిమ్మకాయ పిండుకున్న రోజు నేనూ పిండుకుంటాను.”

ఇంకో ముద్ద తీసింది. ముసలావిడ చిన్నకొడుకువైపు తిరిగి, పెళ్ళాన్ని ఆపమంది. లింగరాజ్ కదల్లేదు.

“పొద్దున తనని అడగకూడని మాట అడిగాను బొవు. ఇప్పుడు ఆపడానికి నాకు నోరు లేదు,” అన్నాడు.

నిరుపమ అతనివైపు చూడలేదు గానీ ఆ మాట విన్నది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది.

రాధామణి స్తంభం పట్టుకుని లేచింది. పొద్దున కదలనని పట్టుకున్న స్తంభం అది. దాన్ని వదిలేసింది.

“గదా, పద. కారు తియ్యి,” అంది.

అందరూ తెల్లబోయారు. ఆవిడ ఒక్కో మెట్టూ దిగింది. ప్రమోదిని చెయ్యందించబోయి, పట్టుకుంటే ఎక్కడ కములుతుందోనని మధ్యలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకెవరికీ పట్టుకునే ధైర్యం చాలలేదు. ముసలావిడ వాకిలంతా ఒంటరిగా నడిచి, కారు వెనకసీటులో కూర్చుంది.

“కటక్‌లో నా కుండ ఎవరూ ముట్టరు. ఇక్కడుంటే ఇది నా మొక్కూ చెడగొడుతుంది, తన కడుపూ చెడగొట్టుకుంటుంది. నేను పోతే తింటుంది. పద గదా.”

తల్లిని తీసుకుపోవాలనే గదాధర్ వచ్చాడు. తీరా ఆవిడ వచ్చి కారులో కూర్చుంటే అతని కాళ్ళు ముందుకు పడలేదు. తీసుకెళ్తే ఆ మొక్కుతోనే తీసుకెళ్ళాలి. రోజుకొక మచ్చ తేలుతుంటే తన ఇంట్లో, తన కళ్ళ ముందే చూడాలి. మామిడిపండు రుచి నాలుకకి తగిలినట్టయి అతను తాళంచెవి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చివరికి వెళ్ళి కారు ముందుతలుపు తీశాడు.

నిరుపమ లేచింది. కుండకి మూత పెట్టి చంకనెత్తుకుంది. వాకిలి దాటి కారు అటువైపుకి వెళ్ళి, వెనకతలుపు తీసి, అత్తగారి పక్కన ఎక్కి కూర్చుని కుండను ఒళ్ళో పెట్టుకుంది.

వీధిలో జనం పోగయ్యారు. తమ్ముడి పెళ్ళాం కూర్చున్న కారు అన్న నడపడమేమిటని ఎవరో అన్నారు. గదాధర్ సగం వంగినవాడు సగంలోనే ఆగిపోయాడు.

“దిగు,” అంది రాధామణి.

“మీరు దిగితే దిగుతాను.”

“అక్కడికొచ్చి ఏం చేస్తావు?”

“ఇక్కడ చేసిందే చేస్తాను. మీ కుండలోనే తింటాను.”

ఆరేళ్ళుగా బావగారిని పిలవాల్సిన అవసరం రాలేదు, అందుకని నిరుపమ దగ్గర ఆయనకొక పిలుపే లేదు. మొగుడు పిలిచే పిలుపునే అరువు తెచ్చుకుంది. మొహం మీది కొంగు వెనక్కి నెట్టి, గడపతోనూ కాదు, వీధితోనూ కాదు, గదాధర్ కళ్ళలోకి చూసి చెప్పింది.

“భాయినా, కారు తియ్యండి. పొద్దుపోకముందే పోదాం.”

గదాధర్ వెనకసీటులోకి చూశాడు. తల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కోడలు ఎదురుగా చూస్తూ కూర్చుంది. ఆమె ఒళ్ళో కుండ ఇంకా వెచ్చగానే ఉంది. అతను తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.